ముప్పై ఏడో వారంలో ముహూర్తం

నిన్న కాదు, అంతకుముందు ఆదివారం మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. దానికి ఇది రెండో కాన్పు. మొదటిది సిజేరియన్ కాబట్టి ఇదీ ఆపరేషనే అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

"అక్కా, అయ్యగారు రెండు ముహూర్తాలు రాసిచ్చిండు. మొదటిది ఈ బుధవారం పొద్దున 9:12 నుంచి 10:05 మధ్యల. చాలా బలమైన లగ్నమట. ఇంకోటి రెండు వారాల తర్వాత ఉంది కానీ అంత గొప్పగా లేదంట. అత్తమ్మ వాళ్లు మొదటిదే ఖాయం చేద్దామంటున్నరు. నువ్వేమంటవ్?"

బుధవారానికి ఎన్ని వారాలు నిండుతాయని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెప్పింది. 37 వారాల మూడు రోజులు. మరి డాక్టరమ్మ ఏమందంటే, "39 దాటితే మంచిది, కానీ 37 నిండినయి కదా, చేయొచ్చు, మీ ఇష్టం అన్నది" అంది.

ఆ "మీ ఇష్టం" నాకు బాగా తెలిసిన మాట. ఏడేళ్ల కిందట నాతో కూడా అదే అన్నారు. ఫోన్‌లో దానికి సరిగ్గా ఏమీ చెప్పలేకపోయాను. "వద్దు, ఆగు" అన్నాను. ఎందుకో చెప్పబోతే గొంతు పట్టేసింది. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి రెండు తేదీల కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు.

ఎనభై నాలుగు

మా వాడు కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నాడు. ఆఖరి దాకా తిరగలేదు. అందుకని ఆపరేషన్ అన్నారు, దానిమీద నాకు ఈరోజుకీ ఏ పేచీ లేదు. తేదీ మాత్రం మేం పెట్టుకున్నదే. మా మామయ్య ఎంతో ప్రేమతో, ముగ్గురు పంతుళ్లను అడిగి, ముగ్గురూ ఒప్పుకున్న ఘడియను పట్టుకొచ్చారు. ఆ రోజుకు నాకు 37 వారాల రెండు రోజులు. ఒక్క నొప్పి కూడా రాలేదు. పొద్దున తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, నడుచుకుంటూ థియేటర్లోకి వెళ్లాను.

వాడు పుట్టగానే బాగానే ఏడ్చాడు. 2.7 కిలోలు. అందరూ స్వీట్లు పంచుకున్నారు. గంట తర్వాత సిస్టర్ వచ్చి బిడ్డ పొత్తిళ్లు విప్పి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. నేను మత్తులోనే ఉన్నా ఆమె పెదాలు కదలడం కనిపిస్తోంది. ఏదో లెక్కపెడుతోంది. ఒక నిమిషం మొత్తం లెక్కపెట్టి, అరచేతి మీద పెన్నుతో 84 అని రాసుకుని వెళ్లిపోయింది. పుట్టిన బిడ్డ నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు ఊపిరి తీసుకుంటాడని అప్పుడు నాకు తెలియదు.

వాడి ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. వదిలేటప్పుడు "ఊఁ... ఊఁ..." అని చిన్న మూలుగు. నన్ను పిలుస్తున్నాడనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అది వాడు చేస్తున్న పని. ఊపిరి వదిలేటప్పుడు గొంతు సగం మూసి, లోపలి గాలి మొత్తం బయటికి పోకుండా, ఊపిరితిత్తులు మళ్లీ ముడుచుకుపోకుండా ఆపుకుంటారట. ఎవరు నేర్పారు వాడికి? గంట వయసు.

మూడు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉన్నాడు. ముక్కుకు గొట్టాలు. నేను పాలు పిండి ఇస్తే సిస్టర్ ఉగ్గుగిన్నెతో పట్టేది. మా అమ్మ ఉతికి మడతపెట్టి తెచ్చిన పాత నూలు చీర ముక్కలు బయట బెంచీ మీద అట్లాగే ఉండిపోయాయి. ఇంట్లో అందరూ "ఉమ్మనీరు మింగాడట" అన్నారు. నేనూ అదే అనుకున్నాను చాలా రోజులు. మింగింది వాడే కాబట్టి, దురదృష్టం కాబట్టి, ఎవరి తప్పూ లేదని సర్దుకున్నాను.

మింగింది కాదు

తర్వాత్తర్వాత ఓపిగ్గా చదువుకుంటే నాకు ముందుగా తెలిసిన సంగతి ఇది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉండే నీళ్లు బయటినుంచి మింగినవి కావు. ఆ ఊపిరితిత్తులే వాటిని తయారుచేసుకుంటాయి. ఆ నీటి ఒత్తిడితోనే అవి విచ్చుకుని పెరుగుతాయి, లేకపోతే చిన్నగానే ఉండిపోతాయి. అంటే ప్రతి బిడ్డా నీళ్లు నిండిన ఊపిరితిత్తులతోనే బయటికి రావాలి. ఆ నీళ్లు ఎప్పుడు, ఎలా పోతాయన్నదే అసలు ప్రశ్న.

పాతకాలంలో అనుకున్నది, ప్రసవమార్గంలో బిడ్డ ఛాతీ నొక్కుకుపోయి నీళ్లు పిండుకుపోతాయని. కొంత అది నిజమే, కానీ చిన్న భాగం. పెద్ద పని లోపల జరుగుతుంది. పురిటినొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. స్వీడన్ డాక్టరు హ్యూగో లాగర్‌క్రాంట్జ్ 1980లలో దీని గురించి చాలా రాశాడు. నొప్పుల్లో బిడ్డ పడే ఆ ఒత్తిడి బిడ్డకు హాని కాదని, బయటి బతుక్కి సిద్ధం చేసేది అదేనని ఆయన వాదన. ఆ హార్మోన్లు తగలగానే, అప్పటిదాకా నీళ్లు ఊరించిన కణాలే పని మార్చుకుంటాయి. ఉప్పును లోపలికి పీల్చడం మొదలుపెడతాయి. ఉప్పు వెంట నీళ్లూ పోతాయి. ఊరే బావి ఇంకుడుగుంట అయినట్టు.

నొప్పులు రాకముందే కోసి తీసిన బిడ్డకు ఈ మార్పు సగంలో ఉంటుంది, లేదా మొదలే కాదు. నీళ్లుంటాయి. వాటిమీద గాలి పీల్చాలి. అందుకే 84.

ఇంకొక కథ న్యూజిలాండ్‌ది. మాంట్ లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల్లో ఈత ఎప్పుడు మొదలవుతుందో ఎవరు నిర్ణయిస్తారని వెతికాడు. తల్లి కాదు, కడుపులోని పిల్లే అని తేలింది. పిల్ల ఒంట్లో ఒక హార్మోను, కార్టిసోల్, పెరిగితే ఈత మొదలవుతోంది. ఆయన ఆ హార్మోనును నెలలు నిండని పిల్లలకు ఎక్కించి చూశాడు. బతకకూడనంత తొందరగా పుట్టిన ఒక గొర్రెపిల్ల ఊపిరి తీసుకుంటూ కనిపించింది. ఈతను మొదలుపెట్టే హార్మోనే ఊపిరితిత్తులనూ పండిస్తోందన్నమాట. దాన్నుంచే, నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం అనే పద్ధతి పుట్టింది. లిగిన్స్, రాస్ హోవీ కలిసి 1972లో దాని ఫలితాలు ప్రచురించారు. అప్పటినుంచి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో.

మనుషుల్లో లెక్క గొర్రెల్లోలాగా అంత సూటిగా ఉండదు. తల్లి, మాయ (ప్లాసెంటా), బిడ్డ ముగ్గురి చేయీ ఉంటుంది. కానీ ఆ ఆఖరి వారాల్లో బిడ్డ ఊరికే బరువు పెరుగుతూ కూర్చోవడం లేదన్నది మాత్రం ఖాయం. ఆ పిండిన పాలసీసా పట్టుకుని ఎన్ఐసీయూ అద్దం ముందు నిలబడిన రోజుల్లో నాకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

గుండెలో తలుపు

ఊపిరితిత్తుల తర్వాత నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది గుండె. కడుపులో బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు, ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. కాబట్టి గుండె రక్తాన్ని అటు పంపడం దండగ. పదో వంతో ఐదో వంతో మాత్రమే ఊపిరితిత్తులకు పోతుంది. మిగతాది రెండు అడ్డదార్లలో మళ్లిపోతుంది. ఒకటి గుండె పైగదుల మధ్య గోడలో ఉన్న తలుపు. ఇంకొకటి ఊపిరితిత్తుల వైపు వెళ్లే పెద్ద నాళాన్నీ ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమనినీ కలిపే చిన్న కాలువ.

బిడ్డ మొదటి ఊపిర్లు తీసుకుంటాడు. ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, అక్కడి రక్తనాళాలు వదులవుతాయి, రక్తం అటు పరుగెత్తుతుంది. తిరిగి గుండె ఎడమ గదిలోకి వచ్చిపడుతుంది. ఆ ఒత్తిడికి మధ్య తలుపు అవతలివైపు నుంచి నెట్టుకుని మూసుకుంటుంది. ఒక తలుపు గాలికి దానంతట అదే వేసుకున్నట్టు. గడియ పడడానికి మాత్రం నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికి ఆ గడియ పూర్తిగా పడదట, తెలియకుండానే బతికేస్తారు. కాలువ మూసుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు. రక్తంలో ఆక్సిజన్ పెరగాలి, మాయ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తగ్గాలి, అప్పుడు ఆ కాలువ గోడ కండరం బిగుసుకుంటుంది.

ఊపిరితిత్తులు తడిగా ఉండి సరిగ్గా తెరుచుకోకపోతే ఇదంతా ఆలస్యమవుతుంది. అక్కడి నాళాలు బిగుసుకునే ఉంటాయి, రక్తం పాత దారుల్లోనే పోతుంది. కొద్దిమందిలో అది ప్రాణం మీదికి వస్తుంది. మా వాడికి అంత దాకా రాలేదు.

పుట్టిన బిడ్డ వెంటనే గులాబీ రంగులో ఉంటాడని అనుకుంటాం. కాదు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు కూడా మొదటి నిమిషంలో ఆక్సిజన్ శాతం 60, 65 మధ్యే ఉంటుంది. అదే మనకు చూపిస్తే అంబులెన్స్ పిలుస్తారు. ఐదో నిమిషానికి 80 దాటుతుంది. పదో నిమిషానికి 85 నుంచి 95 మధ్యకు వస్తుంది. నా మరదలి కాన్పుకు లోపల తోడున్నప్పుడు నేను ఇది కళ్లారా చూశాను. నొప్పులు పడి, మామూలు కాన్పు. బిడ్డను తుడిచి మరదలి గుండెల మీద పడుకోబెట్టారు. ముందు ఊదారంగు. తర్వాత ఛాతీ మీద నుంచి ఎర్రదనం నెమ్మదిగా పొట్ట మీదికి పాకింది. చేతులూ కాళ్లూ ఇంకా నీలంగానే ఉన్నాయి. నేను టెన్షన్ పడుతుంటే ఆ నర్సు, "ఆగండమ్మా, వస్తది రంగు, ఆమెకు తెలుసు" అంది. "ఆమె" అన్నది తల్లిని కాదు, ఆ నిమిషం వయసు పిల్లని.

బొడ్డు కూడా వెంటనే కోయలేదు వాళ్లు. నిమిషం పైన ఆగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. ఆ కాస్త ఆగితే మాయలో ఉండిపోయే 80, 100 మిల్లీలీటర్ల రక్తం బిడ్డకు చేరుతుంది. ఇంత మనిషికి అది చిన్న విషయం కాదు. మా నానమ్మ చెప్పేది, వాళ్ల ఊరి మంత్రసాని బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగిందాకా దాన్ని ముట్టేది కాదని.

ఏ ఘడియ?

ఇక్కడ మా పెదనాన్న గుర్తొస్తాడు. ఆయన పంచాంగం చూసేవాడు, జాతకాలు వేసేవాడు, డబ్బు తీసుకునేవాడు కాదు. పుట్టిన సమయం అని దేన్ని పట్టుకోవాలి అన్నది వాళ్లలోనే పెద్ద చర్చ అని చెప్పేవాడు. శిరోదయం అంటే తల బయటపడ్డ క్షణమా, భూపతనం అంటే మొత్తం బిడ్డ బయటికి వచ్చిన క్షణమా, నాళచ్ఛేదం అంటే బొడ్డు కోసిన క్షణమా? ఆయన మాత్రం మొదటి ఏడుపు లెక్క తీసుకునేవాడు.

చిన్నప్పుడు ఇది ఏదో చాదస్తం అనిపించేది. ఇప్పుడు, ఇదంతా చదివాక, ఆ చర్చ ఎంత నిజాయితీ ఉన్నదో అనిపిస్తోంది. పుట్టుక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది? నొప్పులతో నీళ్లు ఇంకడం మొదలైనప్పుడా, మొదటి ఊపిరికా, మూడో రోజు ఆ కాలువ మూసుకున్నప్పుడా? శరీరం లెక్కన అది కొన్ని రోజుల పని. 9:12కి మొదలుపెట్టి 10:05కి ముగించేది కాదు.

నా పెళ్లప్పుడే పెదనాన్న పోయాడు కాబట్టి మా వాడి ముహూర్తం సంగతి ఆయన దాకా వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. వేరేవాళ్ల విషయంలో అన్నాడు ఒకసారి, మా ఇంటి అరుగు మీద కూర్చుని. "పుట్టిన ఘడియను చూసి జాతకం రాస్తరు. జాతకం రాసి పెట్టి బిడ్డను పుట్టిస్తే అది ఎవరి జాతకం?" ఎదురుగా ఉన్నాయన ఏమీ మాట్లాడలేదు.

నాకు ఎదురైన మాటలు

నా వాదనకు బలమైన జవాబు మా చెల్లెలి అత్తగారి దగ్గరే ఉంది. "ఎట్లాగూ కోసేదే కదా బిడ్డా, ఆ కోసేదేదో మంచి గడియల కోస్తే ఏం పోతది?" అని నన్నే అడిగింది మరుసటి రోజు. దీన్ని తేలిగ్గా తీసేయలేం. ఆపరేషన్‌కు ఏదో ఒక తేదీ పెట్టాల్సిందే. డాక్టరు ఖాళీని బట్టి పెట్టిన తేదీ కన్నా పెద్దలు ప్రేమతో వెతికిన తేదీ ఎందుకు తక్కువ? తక్కువేమీ కాదు. నాకు ముహూర్తంతో పేచీ లేదు, వారంతోనే పేచీ. 39 నిండాక ఎన్ని ముహూర్తాలైనా చూసుకోండి, నేనూ వచ్చి హారతి పడతాను.

"మా పక్కింటి పిల్లకు 37లోనే చేసిండ్రు, ఏం కాలేదు" అన్నది రెండో మాట. అదీ నిజమే. చాలామందికి ఏమీ కాదు. అమెరికాలో రెండోసారి సిజేరియన్ అయిన వేలమంది తల్లుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. మా చెల్లెలి లాంటివాళ్లే. బిడ్డకు ఊపిరి ఇబ్బందో, షుగర్ పడిపోవడమో, ఇన్‌ఫెక్షనో, ఎన్ఐసీయూనో, ఇలాంటివాటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు 37 వారాల్లో 15.3 శాతం. 38లో 11 శాతం. 39లో 8 శాతం. అంటే 37లో కూడా నూటికి 85 మంది బాగానే ఉన్నారు. కానీ 39 దాకా ఆగితే ఆ ప్రమాదం దాదాపు సగానికి పడిపోతోంది, దానికి ఖర్చు లేదు, మందు లేదు, రెండు వారాలు ఓపిక పట్టడమే. డెన్మార్క్‌లో 34 వేలకు పైగా కాన్పులు చూసి 2008లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. నొప్పులు రాకముందు చేసిన సిజేరియన్లలో, మామూలు కాన్పుకు వదిలినవాళ్లతో పోలిస్తే, బిడ్డకు ఊపిరి ఇబ్బందులు 37 వారాల్లో నాలుగు రెట్లు, 38లో మూడు రెట్లు, 39లో రెండు రెట్ల దగ్గర.

ఆ అమెరికా అధ్యయనంలోనే నన్ను ఆపిన ఇంకో అంకె ఉంది. వేరే అవసరమేమీ లేకుండా చేసిన ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా 39 వారాలకు ముందే చేసేశారు. అక్కడ అయ్యగార్లు ముహూర్తం పెట్టలేదు కదా. కాబట్టి నెపమంతా పంచాంగం మీద వేయడం అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి ఎనభై దాటింది. ఇదంతా ముహూర్తాల వల్లే అంటే నేను నమ్మను. నొప్పులంటే భయం ఉంది, ఒకసారి సిజేరియన్ అయితే రెండోసారి తప్పదన్న అలవాటు ఉంది, రాత్రి పూట కాన్పులకు మనుషులు లేని ఆసుపత్రులు ఉన్నాయి, డబ్బు ఉంది. ముహూర్తం వీటన్నిటికీ ఒక పవిత్రమైన ముసుగు ఇస్తోంది, అంతే. "మీరే అడిగారు కదమ్మా" అనడానికి వీలు దొరుకుతుంది.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సందేహం. ఆగడంలో ప్రమాదం లేదా? ఉంది. బీపీ పెరిగితే, షుగర్ అదుపులో లేకపోతే, మాయ అడ్డంగా ఉంటే, బిడ్డ ఎదుగుదల ఆగితే, కదలికలు తగ్గితే, 37 కాదు, 34లోనైనా తీయాల్సి వస్తుంది. అప్పుడు తీయకపోవడమే నేరం. పాత కుట్టు ఉన్నవాళ్లకు నొప్పులు మొదలైతే ఆ కుట్టు విషయంలో జాగ్రత్త పడాలి, ఆలస్యం చేయకూడదు. నేను రాస్తున్నది వీటి గురించి కాదు. అంతా బాగున్నప్పుడు, కాగితం మీద తేదీ తప్ప వేరే కారణం లేనప్పుడు, అప్పటి గురించి.

"స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోదా?" అని మా మరిది అడిగాడు. ఆయన ఫార్మా కంపెనీలో చేస్తాడు. బ్రిటన్‌లో 2005లో చూశారు, 37 దాటాక సిజేరియన్‌కు ముందు ఆ ఇంజెక్షన్ ఇస్తే ఊపిరి ఇబ్బందితో ఐసీయూకు వెళ్లే పిల్లలు తగ్గారు. అదే పిల్లల్ని బడి వయసులో చూసినప్పుడు, తల్లులు ఇంజెక్షన్ తీసుకున్న పిల్లల్లో చదువులో వెనకబడ్డవాళ్లు ఎక్కువగా ఉన్నారని టీచర్ల రిపోర్టుల్లో కనిపించింది. అది ఇంజెక్షన్ వల్లేనా కాదా అన్నది తేలలేదు. నెలలు నిండని బిడ్డ ప్రాణం కాపాడటానికి ఆ మందు అమృతం. కానీ ఒక ఘడియ కోసం, ఆగితే దానంతట అదే జరిగే పనిని సూదితో చేయించడం నాకు మింగుడుపడదు.

నాలుగో రోజు

మా వాడిని నాలుగో రోజు నా దగ్గరికి ఇచ్చారు. అయిపోయిందనుకున్నాం. సాయంత్రానికి కళ్లు పచ్చబడ్డాయి.

కామెర్లు చాలామంది పిల్లలకు వస్తాయి. కడుపులో బిడ్డకు అవసరమైన ఎక్కువ ఎర్ర రక్తకణాలు పుట్టాక విరిగిపోతాయి. ఆ చెత్త, బిలిరుబిన్, అంతకుముందు మాయ ద్వారా తల్లి కాలేయానికి పోయేది, ఇప్పుడు బిడ్డ కాలేయమే చూసుకోవాలి. అది ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది. రెండు వారాలు ముందు వచ్చిన బిడ్డ కాలేయం ఇంకాస్త కొత్తది. అదీ కాక, 37 వారాల పిల్లలు రొమ్ము పట్టుకుని రెండు గుటకలు వేసి నిద్రపోతారు. మా వాడు అంతే. చెవి నులిమినా, అరికాలు గిల్లినా లేవడు. పాలు తక్కువైతే విరేచనం తక్కువ, విరేచనం తక్కువైతే ఆ పచ్చదనం పోయే దారి తక్కువ. బరువు 2.7 నుంచి 2.46కి దిగింది.

మళ్లీ నీలం లైట్ల కింద పెట్టారు, కళ్లకు గంతలు కట్టి. ఆ లైట్ల వెనక ఒక నర్సు ఉందని తర్వాత తెలిసింది. 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే ఆమె నెలలు నిండని పిల్లల్ని ఎండ తగిలేలా బయట తిప్పేది. ఒక రోజు డాక్టర్లకు ఒక బిడ్డను చూపించింది. ఒళ్లంతా పచ్చదనం పోయింది, దుప్పటి మడత పడి ఎండ తగలని ఒక్క మూల మాత్రం పసుపుగానే ఉంది. రెండేళ్ల తర్వాత లైట్ల వైద్యం ప్రచురించారు. (దీన్ని చదివి ఇంట్లో ఎండలో పడుకోబెట్టి ఊరుకోకండి. రక్తంలో ఎంత ఉందో చూపించుకోవాలి.) అద్దం ఇవతల నిలబడి మా వాడి పొట్ట ఎగిరిపడటం లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. యాభై రెండు. యాభై. నలభై ఎనిమిది.

వాడికిప్పుడు ఏడేళ్లు. చెట్లెక్కుతాడు, ఈత కొడతాడు. ఏ లోటూ లేదు. "మరి ఇంకేం, అంతా మంచిగనే అయింది కదా" అంటారు మావాళ్లు, ఆ ముహూర్తబలం వల్లే గట్టెక్కాడని కూడా అంటారు. నేను వాళ్లతో కొట్లాడను. కానీ ఆ వారం నాకు తిరిగి రాదు. వాడు పుట్టిన రోజున నేను వాడిని ఎత్తుకోలేదు. మొదటిసారి నా చేతుల్లోకి వచ్చేసరికి వాడి వయసు నాలుగు రోజులు, వాడి ఒంటికి ఆసుపత్రి స్పిరిటు వాసన.

నేను సంతకం పెట్టిన ఫారంలో "37 వారాలు నిండినవి, టర్మ్" అని రాసి ఉంది. ఆ మాటనే నమ్ముకున్నాను. 2013లోనే అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఆ పదాన్ని విడగొట్టింది. 37, 38 వారాలను ఎర్లీ టర్మ్ అని, 39 నిండిన దగ్గర్నుంచే ఫుల్ టర్మ్ అని పిలవమంది. మన ఫారాల్లో కూడా ఆ ఒక్క గీత గీస్తే, "మీ ఇష్టం" అనే ముందు ఆ గీత చూపించి రెండు ముక్కలు చెబితే, చాలామంది పెద్దలు వాళ్లంతట వాళ్లే రెండో తేదీ అడుగుతారని నా నమ్మకం. మా మామయ్య ఖచ్చితంగా అడిగేవారు. మనవడికి మంచి జరగాలనే కదా ఆయన ముగ్గురి గడపలు తొక్కింది.

మా చెల్లి అత్తగారు నా మాట విన్నదని చెప్పలేను. కానీ తనే మంగళవారం పొద్దున అయ్యగారింటికి మళ్లీ వెళ్లింది. "39 నిండినంక ఉన్న దాంట్లనే మంచిది చూడుండ్రి" అని కూర్చుందట. ఆయన పంచాంగం తిరగేసి, రెండో ముహూర్తంలోనే ఒక శుభగ్రహం చూపు ఉందని, మొదట తొందరలో గమనించలేదని చెప్పాడు. అది వచ్చే వారం బుధవారం. ఈలోపు నొప్పులొస్తే ముహూర్తం సంగతి వదిలేసి వెంటనే వచ్చేయమని డాక్టరమ్మ చెప్పింది. దానికి కూడా అత్తగారు సరేనంది.

ఈరోజుకు చెల్లికి 38 వారాల ఒక రోజు. బ్యాగు సర్ది తలుపు పక్కన పెట్టుకుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టి నాకు మెసేజ్ చేస్తోంది. నిన్న రాత్రి గంటలో పన్నెండు.